కల్లు మాన్పించి పంపితే సరిపోదు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే డాక్టర్లు, నర్సులు, కౌన్సెలర్లు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. తాగుడూ ఉండి, మనసు జబ్బూ ఉన్న మనిషి వస్తే మొదట దేనికి వైద్యం చెయ్యాలి? ఉద్యోగం కొత్తలో ఈ ప్రశ్నకు కాస్త నసుగుతూ జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు నసుగుడు లేదు. రెండింటికీ వైద్యం చెయ్యాలి, ఒకేసారి చెయ్యాలి, వీలైతే ఒకే డాక్టరు చెయ్యాలి.

నేను మెదక్‌లో చర్చి వెనక వీధిలో పుట్టి పెరిగినదాన్ని. హైదరాబాదులో మానసిక వైద్యం చదివి, కొన్నేళ్ళు అక్కడే పనిచేసి, తిరిగి మా ఊరు వచ్చి రిటైరయ్యేదాకా ఇక్కడే ఉన్నాను. ఏ ఆసుపత్రి, ఏ హోదా అన్నవి మీకు పనికిరావు. మీకు పనికొచ్చేది మణెమ్మ సంగతి. అది చెప్పే ముందు ఇంకో రెండు మాటలు చెప్పాలి.

రెండు గదులు

నేను పని నేర్చుకున్న పెద్దాసుపత్రిలో వరండాకు ఒక పక్క తాగుడు మాన్పించే వార్డు, ఇంకో పక్క మానసిక వార్డు ఉండేవి. మా యూనిట్ పెద్దాయన గొప్ప డాక్టరు. రోగి నడిచొచ్చే తీరు చూసి సగం జబ్బు పట్టేసేవాడు. మందు రాసే ముందు రోగికి కుర్చీ చూపించాలని నాకు నేర్పింది ఆయనే. కాని ఆయనకొక నియమం ఉండేది. తాగేవాడి దిగులును దిగులుగా లెక్కపెట్టకూడదు. నెల రోజులు తాగకుండా వస్తే అప్పుడు చూద్దాం.

అందులో కొంత నిజముందని ఒప్పుకోవాలి. తాగుడే మనిషిని దిగులులోకి తోస్తుంది. మానేసిన కొన్ని వారాలకు చాలామందిలో ఆ దిగులు దానంతటదే తగ్గిపోతుంది. తొందరపడి అందరికీ మాత్రలు రాయడం తప్పే. అయితే, దిగులుకు తట్టుకోలేక తాగేవాడి మాటేమిటి? అతన్ని తాగకుండా రమ్మనడం, మంజీర దాటి అవతలి గడ్డకు వస్తే ఈత నేర్పిస్తాననడం లాంటిది.

ఎల్దుర్తి దగ్గరి రైతు ఒకాయన మా దగ్గరికి వచ్చేవాడు. నలుగురిలోకి వెళితే గుండె దడ, చెమటలు, ఇప్పుడే ప్రాణం పోతుందన్న భయం. ఆ భయానికి పొద్దున్నే తాగి బయటికి వచ్చేవాడు. మానసిక వార్డులో నోటి వాసన చూసి ఎదుటి వార్డుకు పొమ్మనేవారు. అక్కడ కొన్నాళ్ళుంచి, తాగుడు మాన్పించి ఇంటికి పంపేవారు. ఇంటికి పోగానే భయం మళ్ళీ పట్టుకునేది. ఒకరోజు వరండాలో నన్ను ఆపి అడిగాడు.

"అమ్మా, నేను ఏ దిక్కు మనిషినో జర చెప్పుండ్రి."

ఆయన్ని పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. పెద్దాయన మర్యాదగానే మాట్లాడి, ఆ నియమమే చెప్పి పంపాడు. ఆ రైతు మళ్ళీ రాలేదు. రాని రోగిని బాగుపడిన రోగి కింద జమకట్టే అలవాటు మా వృత్తిలో ఉంది. ఆ అలవాటు నాకు అంటకుండా కాపాడింది ఆ రైతే. ఎలా ఉన్నాడో తెలియదు కాబట్టి బాగున్నాడని నేనెప్పుడూ అనుకోలేదు.

మన దగ్గరి కల్లు

బయటి ఊళ్ళ నుంచి వచ్చే డాక్టర్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. పుస్తకంలో చదివిన సారా, బ్రాందీ లెక్క ఇక్కడ నడవదు. మన పల్లెల్లో సీసాల్లో అమ్మే కల్లులో చెట్టు నుంచి దిగినది ఎంతో, కలిపినది ఎంతో తాగేవాడికి తెలియదు. నిద్రమాత్రల జాతి మందులు కలుపుతారు. రోజూ తాగిన ఒంటికి ఆ మందు అలవాటైపోతుంది. పోలీసు దాడి జరిగో, దుకాణం మూసేసో సరుకు ఆగిపోయిందంటే చాలు, రెండు మూడు రోజుల్లో ఊరికి ఊరే వణకడం మొదలుపెడుతుంది. నిద్ర ఉండదు, మెడ పక్కకు లాగేస్తుంది, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. దయ్యం పట్టిందని కొందరు, పిచ్చి పట్టిందని కొందరు ఆటోల్లో వేసుకొస్తారు.

దీనికి వైద్యం కష్టమేమీ కాదు. అదే జాతి మందును కొలతగా ఇచ్చి, ఒంటికి తెలియకుండా మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. విటమిన్లు ఎక్కించాలి. ఓపిక పట్టాలి. మనిషి తేరుకుంటాడు, నవ్వుతాడు, ఇంటికి పోతానంటాడు. మనమూ సంతోషంగా పంపేస్తాం. మోసపోయేది అక్కడే.

మణెమ్మ

మణెమ్మది పాపన్నపేట దగ్గర పల్లె. నాట్లకు, కలుపులకు కూలికి పోతుంది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు. భర్త యాదగిరి ఆ రోడ్డు మీద షేర్ ఆటో నడుపుతాడు. ఆమెను మొదటిసారి తీసుకొచ్చింది అత్త నర్సవ్వ. ఊళ్ళో కల్లు దుకాణం మూతపడ్డ వారమది. మణెమ్మ గోడ మీద ఎర్ర చీమలు పాకుతున్నాయని చీర కొంగుతో దులుపుతూ వచ్చింది. ఆటోలోనే ఒకసారి ఫిట్స్ వచ్చిందట.

పైన చెప్పిన వైద్యమే చేశాం. పది రోజుల్లో చీమలు పోయాయి, వణుకు పోయింది. ఇంటికి వెళ్ళిపోయింది. కొన్ని నెలలకు మళ్ళీ అదే స్థితిలో వచ్చింది, మళ్ళీ బాగై వెళ్ళింది. మూడోసారి నర్సవ్వతో పాటు యాదగిరి కూడా వచ్చాడు. మణెమ్మను మంచం మీద పడుకోబెట్టి, బయటికొచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. ఈసారి ఆమెను ఇంటికి తీసుకుపోయే మాట లేదని మా కౌన్సెలర్ ఇర్ఫాన్‌తో చెప్పాడు. చేగుంటలో ఉండే అతని అక్క భూలక్ష్మి వచ్చి, తాగుబోతు తల్లి దగ్గర పిల్లలు ఆగమైపోతారని ఇద్దరినీ తనతో తీసుకెళ్ళిందట. మణెమ్మను ఏదైనా ఆశ్రమంలో వదిలేసి, తమ్ముడికి ఇంకో పెళ్ళి చెయ్యాలన్నది ఆమె ఆలోచన.

ఇర్ఫాన్ గురించి ఒక మాట. మెదక్‌లోనే టైలరు ఇంట్లో పుట్టిన కుర్రాడు. ఉర్దూలో మొదలుపెట్టిన మాట తెలుగులో ముగించేవాడు. మంచి కౌన్సెలర్లు చాలామంది ఎదుటి మనిషిని తమ గదికి రమ్మంటారు. ఇతను తానే వెళ్ళి ఆటో వెనక సీట్లో కూర్చునేవాడు. యాదగిరితో కూడా అక్కడే మాట్లాడాడు. చాలాసేపు తిట్లు, ఫిర్యాదులు విన్నాక యాదగిరి నోటి నుంచి ఒక మాట వచ్చింది. అది విని ఇర్ఫాన్ నేరుగా నా గదికి వచ్చాడు.

యాదగిరి అన్నది ఇది: "కల్లు తాగేటోళ్లు ఊరంత ఉన్నరు. మా అమ్మ తాగుతది, నేను గూడ అప్పుడింత తాగుత. ఎవ్వరం గిట్ల జేస్తలేము. గందుకే ఈమె కావాల్నని జేస్తుందనుకున్న."

ఇర్ఫాన్‌కు తట్టిందే నాకూ తట్టింది. దుకాణం మూతపడితే వణుకు అందరికీ వచ్చేదే, కాని ఊరంతా తాగే కల్లే తాగుతూ ఈమె ఒక్కతే మళ్ళీ మళ్ళీ ఇలా ఎందుకవుతోంది? తాగుడు కాక ఇంకోటేదో ఉండి ఉండాలి.

అడగాల్సిన ప్రశ్న

ఇలాంటి చోట ఎంత తాగుతుంది, ఎన్నేళ్ళుగా తాగుతుంది అని అడిగితే వచ్చే జవాబులతో ఏమీ తేలదు. అడగాల్సింది వేరే. తాగని రోజుల్లో ఎలా ఉండేది? ఎంత తాగే మనిషి జీవితంలోనైనా తాగని రోజులు కొన్ని ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడో, దీక్ష పట్టినప్పుడో, ఆసుపత్రి నుంచి వెళ్ళిన కొత్తలోనో. మనసు జబ్బు ఉందా లేదా అన్నది ఆ రోజుల్లోనే కనిపిస్తుంది.

నర్సవ్వను కూర్చోబెట్టి అడిగాను. మొదటిసారి ఇక్కడి నుంచి పోయాక మణెమ్మ కొన్ని నెలలు సీసా ముట్టలేదని చెప్పింది. బాగా పనిచేసుకుందట. తర్వాత ఏమైందో చెప్పమంటే ఆ ముసలామె కొంగు వేలికి చుట్టుకుంది. మెల్లగా ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది.

ముందు నిద్ర తగ్గిందట. తెల్లవారకముందే లేచి వాకిళ్ళు ఊడ్చేది. తమ వాకిలి ఒక్కటే కాదు, వాడకట్టు మొత్తం. మాట ఆగేది కాదు. కాళ్ళ పట్టీలు అమ్మి ఆడవాళ్ళందరికీ గాజులు వేయించింది. ఏడుపాయల అమ్మవారి గుడికి నడిచి పోతానని బయలుదేరితే సగం దారిలో పట్టుకొచ్చారు. ఈ మొత్తం కాలంలో కల్లు చుక్క ముట్టలేదు. అంతకుముందు కూడా, చిన్నోడు పుట్టిన కొత్తలో, ఇలాగే ఒకసారి జరిగిందట. ఆ తర్వాత ఒక ఎండాకాలం పొడుగునా మూలకు ముడుచుకుని, తిండి లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉందట.

"మరి కల్లు మళ్ళ ఎట్ల మొదలైంది నర్సవ్వా?"

"నేనే తాపిన బిడ్డా. కన్ను మూస్తలేదు, ఒక్క తాన నిలుస్తలేదు. ఇంత తాగితే పంటదని తాపిన. పన్నది. మర్నాడు గూడ తాపిన."

ఆమె మొహంలో నేరం చేసినట్టు లేదు, బిడ్డకు జ్వరమొస్తే కషాయం పోసిన తల్లిలా ఉంది. నేనూ ఆమెను తప్పు పట్టలేదు. ఆ ఇంట్లో తెలిసిన మందు అదొక్కటే.

మణెమ్మది మనసు మితిమీరి లేచి, మితిమీరి పడిపోయే జబ్బు. లేచినప్పుడు నిద్ర కోసం తాగుతుంది. పడినప్పుడు దిగులు మరవడానికి తాగుతుంది. కల్లు ఆగితే ఒళ్ళు వణుకుతుంది. మేము రెండుసార్లు ఆ వణుకు తగ్గించి, అసలు జబ్బును అలాగే ఇంటికి పంపాం.

లిథియం మొదలుపెట్టాలని నిర్ణయించాను. ఈ జబ్బుకు అది పాత మందు, గట్టి మందు. కాని మోతాదు కాస్త ఎక్కువైతే విషమవుతుంది, రక్తపరీక్షలు తప్పవు. మా సూపరింటెండెంటు గారు సర్జను. ఆయన ఒప్పుకోలేదు.

"తాగే మనిషి చేతికి ఈ మాత్రలిస్తారా డాక్టర్ గారూ? రేపు ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి?"

"నేను చెబుతాను సర్. ఇవ్వకపోతే నాలుగోసారి వస్తుంది. దానికీ ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా."

ఆయన మొండివాడు, కాని ఎదుటివాళ్ళు బాధ్యత తీసుకుంటామంటే విలువిచ్చేవాడు. మాత్రలు వారానికొకసారి అత్త చేతికి ఇవ్వాలని, రక్తపరీక్ష ఒక్కటి తప్పినా ఆపేయాలని షరతు పెట్టాడు. మంచి షరతులవి. పై అధికారి వద్దన్నాడంటే అడ్డుపడుతున్నాడనే అనుకోకండి. ఆయన భయంలో మీరు చూడని ప్రమాదం ఉండొచ్చు.

మణెమ్మ తేరుకున్నాక ఆమెకే అన్నీ చెప్పాను. ఎండలో నాట్లేసే రోజుల్లో నీళ్ళు తక్కువ తాగకూడదు. ఒంటినొప్పులకు ఊళ్ళో దొరికే మాత్రలు నన్నడగకుండా మింగకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లిథియం ఆపి వెంటనే రావాలి. ఆమె శ్రద్ధగా వింది. అన్నీ విన్నాక ఒకటే అడిగింది, తనది తాగుడా, పిచ్చా అని. రెండు జబ్బులున్నాయని, రెండింటికీ మందుందని చెప్పాను. ఆమె ఏడ్చింది. ఇన్నాళ్ళూ తన గుణమే చెడ్డదనుకుందట.

పక్క మంచం

ఇంకో చిక్కు మిగిలింది. రోజూ సాయంత్రం కల్లు వచ్చే ఇంటికి ఈమెను ఎలా పంపాలి? నర్సవ్వది పెళ్ళైన నాటి నుంచి ఉన్న అలవాటు. అత్తాకోడళ్ళు పొలం నుంచి వచ్చి, గడప దగ్గర కూర్చుని చెరో సీసా తాగడం ఆ ఇంటి ముచ్చట. ఇంట్లో సీసా కనిపించకూడదని చెప్పాను. ఆమె కాదనలేదు. రెండు రోజులు ఆలోచించుకుని వచ్చింది.

"నేను ఒక్కసారే బంద్ జేస్తె నాకు గూడ గోడల మీద చీమలు కనవడ్తయి గద. నాకు గూడ మెల్లగ మాన్పియ్యి. కోడలి పక్కనే మంచమియ్యి."

అలా ఆమెకు మణెమ్మ పక్క మంచం ఇచ్చాం. వయసు మళ్ళిన ఒళ్ళు కాబట్టి మందు తగ్గించడానికి చాలా నెమ్మదిగా పోవాల్సి వచ్చింది. నడుమ ఒక సాయంత్రం ఆమెకు మతి తప్పింది. ఎప్పుడో పోయిన భర్తను పేరు పెట్టి పిలుస్తూ, ఎడ్లను కట్టెయ్యమని గొడవ చేసింది. సిస్టర్లు పట్టుకోబోతే మణెమ్మ అడ్డుపడి, తానే పక్కన కూర్చుంది. ఎడ్లను కట్టేశానని, నీళ్ళు పెట్టానని, ఇక పడుకొమ్మని అత్త చెయ్యి నిమురుతూ చెప్పింది. ఆ చెయ్యి వదలకుండా తెల్లవార్లూ కూర్చుందని సిస్టర్లు చెప్పారు.

మర్నాడు నేను రౌండ్స్‌కు వెళితే మణెమ్మ నాతో అంది. "నేను గూడ గిట్లనే జేసిన్నా? గివన్ని ఈమె ఒక్కతే సూసిందా?"

ఎంత కౌన్సెలింగ్ చేసినా ఆ ఎరుక మేము కలిగించలేకపోయాం. అందరినీ పక్కపక్క మంచాల్లో వెయ్యమని చెప్పడం లేదు. తాగుడు ఇంటిదైనప్పుడు ఒక్కరికే వైద్యం చేస్తే నిలవదని మాత్రం చెబుతున్నాను.

రాసివ్వమని అడిగితే

బాగుపడ్డం తిన్నగా జరగలేదు. కొన్ని నెలల తర్వాత ఊళ్ళో బోనాలకు మణెమ్మ ఒక సీసా తాగింది. మర్నాడు తానే బస్సెక్కి వచ్చి, తలదించుకుని చెప్పింది. తాగుబోతువని పంపేస్తాననుకుందేమో, తలుపు దగ్గరే నిలబడింది. లోపలికి పిలిచి రక్తపరీక్ష చేయించాను, మాత్రలు సరిచూశాను. తాగి వచ్చిన రోజునే రోగికి మన అవసరం ఎక్కువ. ఆ రోజు తలుపు మూసే డాక్టరు ఈ పని చెయ్యకపోవడమే మంచిది.

పిల్లలు ఇంకా చేగుంటలోనే ఉన్నారు. యాదగిరి మెత్తబడ్డాడు, ఆదివారాలు మణెమ్మను ఆటోలో తీసుకెళ్ళి చూపించేవాడు. పిల్లల్ని పంపడానికి మాత్రం భూలక్ష్మి ససేమిరా అంది. చివరికి ఒకరోజు ఆమే నా దగ్గరికి వచ్చింది. రోడ్డు పక్క హోటలు నడిపే గట్టి మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా మరదలు ఇంక తాగదని, పిచ్చి లేవదని మీరు రాసిస్తరా?"

"రాసియ్యను. తాగొచ్చు. జబ్బు మళ్ళ లేవొచ్చు గూడ."

"మరి పొల్లగాండ్లను ఏ ధైర్యంతోని పంపాలె?"

లేచేముందు జబ్బు ఎలా చెబుతుందో ఇప్పుడు ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసని చెప్పాను. నిద్ర తగ్గి, మాట పెరిగి, చేతిలో ఉన్నది పంచడం మొదలుపెడితే, అదే రోజు ఇక్కడికి తీసుకొస్తారు. ఇంతకుముందు ఆ సమయానికి కల్లు తాగించేవాళ్ళు. మారింది ఇంతే, కాని ఇది చిన్న మార్పు కాదని, పిల్లల తల్లిగా ఆమెను నేను నమ్ముతున్నానని చెప్పాను.

భూలక్ష్మి తలుపు దాకా నడిచింది. "రాసిస్తనంటె నమ్మకపోదును," అని వెళ్ళిపోయింది. బడి సెలవులకు చిన్నోణ్ణి పంపింది. సెలవులయ్యాక వాడు తిరిగి పోలేదు. బడి మళ్ళీ తెరిచాక పిల్ల కూడా వచ్చేసింది. భూలక్ష్మి మాత్రం నెలకొకసారి చెప్పాపెట్టకుండా వచ్చి ఇంట్లో సీసాలున్నాయేమో వెతికేదట. వెతకనివ్వమని మణెమ్మకు చెప్పాను.

రోగుల ఇంటివాళ్ళకు పూర్తిగా నయమైపోతుందని మాటివ్వకండి. ఆ మాట ఒకసారి తప్పితే మందు మీద కూడా నమ్మకం పోతుంది.

నర్సవ్వ పోయిన వారం

కొన్నేళ్ళ తర్వాత, నేను రిటైర్ కాబోతున్న రోజుల్లో, నర్సవ్వ పొలం నుంచి వచ్చి గడప మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయింది. గుండె ఆగింది. యాదగిరి ఫోన్ చేసి చెప్పాడు. మన దగ్గర చావింట్లో కల్లు లేకుండా ఏ కార్యమూ జరగదు. పోయినవాళ్ళ పేరు మీద పోస్తారు, వచ్చినవాళ్ళంతా తాగుతారు. ఇర్ఫాన్, నేను మణెమ్మ గురించి మాట్లాడుకున్నాం. మాత్రలిచ్చే చెయ్యి పోయింది. దుఃఖం ఉంది. ఇంటి నిండా సీసాలున్నాయి. వెళ్ళి చూసొస్తానని ఇర్ఫాన్ అన్నాడు. సరే, రేపు పొద్దున వెళ్ళమన్నాను.

అతను బయలుదేరకముందే మణెమ్మ వచ్చింది. ఇంకా దినాలు కాలేదు. మైల బట్టలతో, జుట్టు ముడి కూడా వెయ్యకుండా, ఓపీ మొదలవకముందే బల్ల మీద కూర్చుని ఉంది. యాదగిరి గేటు దగ్గర ఆటో ఆపుకుని నిలబడ్డాడు. ఎవరూ ఆమెను తీసుకురాలేదని, తెల్లారగానే తానే దవాఖానకు పోదామందని అతను చెప్పాడు.

లోపలికి పిలిచాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతులు వణకడం లేదు, నోట వాసన లేదు. ఎదురుగా కూర్చుంది.

"అత్తమ్మ పోయిన కాడికెల్లి నిద్ర వస్తలేదు డాక్టరమ్మా. అందరు ఇంత తాగుమంటున్నరు, తాగలే. పని మీద పని జేస్తున్న, కాలు నిలుస్తలేదు. ఇది దుఃఖమా, జబ్బు లేస్తుందా, నాకు తెలుస్తలేదు. నువ్వు జూడు."

నేను పుస్తకాలు చదివి, పరీక్షలు రాసి, ఎందరినో చూసి నేర్చుకున్న ప్రశ్న అది. మంచి డాక్టర్లు కూడా ఒక్కోసారి అడగడం మరిచిపోయే ప్రశ్న. ఆమె నాగలి చాళ్ళ మీద నడిచొచ్చినంత మామూలుగా అడిగింది.

కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"రెండూ కావచ్చు మణెమ్మా," అన్నాను. "రెండూ చూద్దాం."